ఎండ తగిలిన గుత్తులు

"నా మనసు కీడు శంకిస్తోంది పల్వషా. మీ నాన్న చూడకముందే నిజం చెప్పు."

కాందహార్ పక్కన, ద్రాక్ష ఆరబెట్టే ఆ మట్టిగదిలో గుత్తులు నీడపట్టునే ఎండాలి. అప్పుడే కిస్‌మిస్ పచ్చగా దిగుతుంది. ఈ మూల గుత్తులు మాత్రం ఎర్రబడిపోయాయి.

"వేడిగాలి కొట్టిందేమోనమ్మా."

"గోడలో ఇటుక ఊడదీయడానికి గాలికి చేతులున్నాయా? ఎండను లోపలికి రానిచ్చింది నువ్వే. ఎవడి కోసం తొంగిచూస్తున్నావు?"

"ఎవడూ లేడమ్మా."

"మరి గుత్తులు చూసొస్తానని రోజూ గంటసేపు ఇక్కడేం వెలగబెడుతున్నావు? ఊళ్ళో తెలిస్తే మీ నాన్న తలెత్తుకు తిరగగలడా?"

కూతురు గుత్తుల వెనక చెయ్యిపెట్టి, ఆడపిల్లల బడి మూసేసిన రోజు ఇంటికి తెచ్చుకున్న లెక్కల పుస్తకం తీసి తల్లి చేతిలో పెట్టింది.

"చీకట్లో అక్షరాలు కనపడలేదమ్మా."