చలికాలం ముందు రమ్మన్న జాబు

ఇబ్రహీంపట్నం ప్రార్థన ఇంట్లో ఆ ఆదివారం ఇద్దరే ఉన్నారు: కొత్తగా వచ్చిన కుర్ర పాదిరి, చదువు రాని ఒక అవ్వ. మిగతా అందరినీ దొర వెట్టికి పిలిపించుకున్నాడు.

“పోయిన ఆదివారం సదివినవు గద, జైల్ల ఉన్న ముసలాయన నీకు రాసిన జాబు, గది మల్ల సదువు బిడ్డా.”

“అది నాకు రాయలే అవ్వా, బైబిల్ల ఉన్న జాబు. పౌలు అనే పెద్దాయన తిమోతి అనే చిన్న పాదిరికి రాసిండు. రెండు వేల ఏండ్లయితున్నది.”

“అందరు ఇడిసిపెట్టి పోయిన్రు, చలికాలం రాకముందే నా గొంగడి తీస్కొని రా అన్నడు గద. మరి పోయిండా?”

“పోయిండో లేదో యాడ రాసి లేదు.”

“వారమంత నాకు గదే ఫికర్. నువ్వింక పోతలేవని, గీ గొంగడి తెచ్చిన.”

“ఇగ గిది ఎవరికియ్యాలె అవ్వా?”

“నీకెవ్వరు జాబు రాయరు గద, గా ఒక్క జాబన్న నీకొచ్చిందనుకున్న. నువ్వే కప్పుకో బిడ్డా.”