గోరింటాకు చేతుల కింద పేరు

ట్రిపోలీలో ఓ ఫొటో స్టూడియో. పోయిన నెల దాకా ఇద్దరిది, ఇప్పుడు ఉస్తాద్ ఒక్కడిదే. విడిపోయిన వ్యాపార భాగస్వామి గుమ్మంలోనే నిలబడి అడుగుతోంది.

"షాపు అద్దంలో పెట్టిన ఆ గోరింటాకు చేతుల ఫొటో నాది. దాని కింద మీ పేరు తీసెయ్యండి, ఉస్తాద్."

"కెమెరా నాది, షాపు నాది. ఫొటో నీదెలా అయిందమ్మా?"

"తీసింది నేను గనక."

"అలాగని రాసుకున్నామా? కాయితం చూపించు."

"కాయితమెందుకు? ఆరేళ్లూ పెళ్లిళ్లలో మగవాళ్ల వైపు మీరు, ఆడవాళ్ల వైపు నేను. ఊరందరికీ తెలుసు."

"ఊరికి తెలిసింది నా పేరే. వల్లాహి, అది నేను తీసిందే!"

"ఒట్టు కూడా వేశారూ! బాగుంది. ఆ చేతులు పెళ్లికూతురు రుమైసావి, కడియాలు వాళ్ల నాయనమ్మవి. వాళ్లన్నయ్య గుర్తుపట్టి పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. గోరింటాకు రోజు మా ఆడవాళ్ల గదిలో దూరిన మగాడెవడని అడిగాడు."

"నువ్వేం చెప్పావ్?"

"కింద పేరుంది, వెళ్లి చదువుకోమన్నాను. తమ్ముళ్లని వెంటబెట్టుకుని వస్తున్నాడు."

"అయ్యో, చెల్లెమ్మా! అది నువ్వే తీశావని చెప్పొచ్చుగా!"

"చెప్పేదాన్నే. కాయితమేదీ మరి?"