కుడివైపు కౌంటరు

(ఫ్రెస్నో ఊళ్ళో కోర్టు వీధి, జామీన్ల కొట్టు. కౌంటరు వెనక యెసేనియా. ఒతీలియా చేతిసంచితో లోపలికి వచ్చింది.)

"బేడీలు వేశారా అమ్మా? అది ముందు చెప్పండి, మిగతాది తర్వాత వింటాను."

"ఎవరికండీ?"

"మా అమ్మాయికి. నెరేయిదా. పొడుగ్గా ఉంటుంది, పెద్ద జడ. మొహం ఇంత చేసుకుని జామీన్ల కొట్లోకి దూరిందని ఎదురింటి రమోనా ఫోన్ చేసింది. ఏం చేసిందమ్మా? బండితో ఎవర్నైనా గుద్దేసిందా? ఉన్ని మేజోళ్ళు తెచ్చాను, లోపల ఏసీ ఎక్కువట. తినడానికి తమాలేలు, ఆకులో ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, కూడా తెచ్చాను. లోపలికి పంపనిస్తారా?"

"కోడివా, పందివా?"

"కోడివి. ఎర్రకారం పెట్టి చేశా."

"ఇలా ఇవ్వండి, నేను పంపిస్తాను."

"మీకు నవ్వులాటగా ఉంది. ఇక్కడ నా ప్రాణం..."

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"నా తల్లే! చేతులేవీ? చేతులు చూపించు!"

"కడుక్కుని వస్తున్నా, తడిగా ఉన్నాయి. ఏమైందమ్మా నీకు?"

"నాకేమవుతుందే? నిన్ను పట్టుకున్నారుగా!"

"ఎవరు?"

"నన్నడుగుతావేం? బయట బోర్డు చెబుతోంది, జామీను అని."

"అమ్మా, జైలు జామీను ఎడమ కౌంటరండీ. నాది కుడివైపు. ఇళ్ళు కట్టేవాళ్ళకి, టైల్స్ వేసేవాళ్ళకి. మీ అమ్మాయికి కాంట్రాక్టరు లైసెన్సు రావాలంటే ముందు ఈ జామీను ఉండాలి."

"ముందే జామీనా? మరి నేరం ఎప్పుడు చేస్తుంది?"

"నేరం లేదు, ఏం లేదు. కూర్చో అమ్మా. చెప్తా విను. రేపు నేనెవరిదో బాత్రూం పగలగొట్టి, సగంలో వదిలేసి పోయాననుకో..."

"నువ్వెందుకు పోతావే?"

"పోనమ్మా. అనుకో."

"నేననుకోను."

"సరే, వేరే ఎవరో పోయారనుకో. అప్పుడు ఆ ఇంటివాళ్ళకి ఈ జామీను కంపెనీ నష్టపరిహారం కడుతుంది."

"ఎంత మంచివాళ్ళో!"

"తర్వాత ఆ సొమ్మంతా పోయినవాడి దగ్గర రాబడుతుంది."

"గ్వాదలూపే మాతా, నువ్వే దిక్కు! నెరేయిదా, లే. ఇంటికి పోదాం పద. ఎవరింట్లోనో టైలు ఊడుతుంది, కాలు జారి ముసలమ్మ పడుతుంది, తుంటి విరుగుతుంది, మన ఇల్లు పోతుంది..."

"నేను వేసిన టైలు ఎప్పుడైనా ఊడిందా?"

"ఊడలేదు. అందుకే భయం. ఇప్పటిదాకా ఒక్కటీ ఊడలేదు!"

"ఆవిడనేం అనకండమ్మా. అసలు చిక్కు టైలుతో కాదు. మీ అమ్మాయి ఇదివరకు అప్పూ చేయలేదు, తీర్చనూ లేదు. అందుకని కంపెనీవాళ్ళు పక్కన ఇంకొకరి సంతకం అడుగుతున్నారు. ఈ శుక్రవారంలోగా జామీను అందకపోతే లైసెన్సు దరఖాస్తు కొట్టేస్తారు. మళ్ళీ పరీక్ష దగ్గర్నుంచీ మొదలు."

"అందుకా మొహం అలా పెట్టావు? నేను పెడతాను సంతకం. కలం ఇవ్వండి."

"మీ పేరు మీద ఇల్లుందా?"

"పేరు మీద... పొయ్యి ఉంది."

"ఇల్లు నాన్న పేరు మీదుందండీ."

"మరి మీ నాన్ననే అడగొచ్చుగా, నెరేయిదా?"

"మాట్లాడదు చూడండి. అదీ మాట్లాడదు, ఆయనా మాట్లాడడు. ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడాలి. నాకు దవడలు నొప్పి."

"ఏమైంది?"

"ఏం లేదండీ. పరీక్ష పాసైన రోజు, భోజనాల దగ్గర నాన్నతో ఒక మాటన్నాను. జన్మంతా వేరేవాళ్ళ లైసెన్సు కింద మోకాళ్ళు అరగదీసుకున్నావు, ఇక ఆ బాసు దగ్గర మానెయ్, నా దగ్గర పనికి రా నాన్నా, అని."

"చెంచా కింద పెట్టేశాడమ్మా! సూపు చల్లారిపోయింది. కన్నకూతురు దగ్గర కూలికి రమ్మంటావే అని మనసులో అనుకునుంటాడు. బయటికైతే ఒక్క మాట లేదు."

"నేను కూలికని పిలిచానా? పని నేర్పిందే ఆయన. పక్కనుంటే ధైర్యమని పిలిచాను. ఇప్పుడేం మొహం పెట్టుకుని సంతకం అడగను?"

"మొహం సంగతి తర్వాత. ఆయన బయటే ఉన్నాడు, ట్రక్కులో."

"నాన్నా? ఇక్కడా?"

"నేను బస్సులో వచ్చాననుకున్నావా? నిన్ను పట్టుకున్నారని ఫోన్ చేస్తే పనిలోంచి అలాగే లేచొచ్చాడు. దారంతా మాట్లాడలేదు. రెండు ఎర్రలైట్లు మాత్రం దాటించేశాడు. ఉండు, పిలుస్తాను. ఏమయ్యా క్రెసెన్సియో! జైలు కాదయ్యా! రా లోపలికి! టోపీ తియ్యి!"

"అమ్మా, వద్దే..."

"వచ్చేశాడు. చూడు, పనిలో కట్టుకునే మోకాళ్ళ పట్టీలైనా విప్పలేదు. ఇక్కడి గచ్చంతా సిమెంటు చేసేశాడు. ఏమయ్యా, నీ కూతురు ఎవర్నీ గుద్దలేదు. లైసెన్సుకి జామీను కావాలట, పక్కన నీ సంతకం కావాలట. టైలు ఊడితే మన ఇల్లు పోతుందట. ముసలమ్మ తుంటి కూడా. ఏమంటావు?"

"కలం తీసుకున్నాడు! నెరేయిదా, తీసుకున్నాడే!"

"అయ్యా, సంతకానికి ముందు ఒక్కటి రాసుకోవాలి. మీరు ఈమెకి ఏమవుతారు?"

"..."

"అయ్యా?"

"చెప్పవయ్యా. పిల్లని అలా చూస్తూ నిలబడతావేం? భయంతో నేను చచ్చేలా ఉన్నాను. నీకేమైనా ఛాతీలో నొప్పా? నీళ్ళివ్వండమ్మా ఎవరైనా."

"నాన్నా, ఇష్టం లేకపోతే వద్దు. నిజంగా. నేను మళ్ళీ పరీక్ష రాస్తాను."

"తండ్రి అని రాసుకోనాండీ?"

"అది కాదమ్మా. ఈవిడ దగ్గర పనివాణ్ణి. సోమవారం నుంచి."