నవ్య సైకిలు ఎందుకాగుతోంది

రెండోసారి కూడా బాగుచేశానన్నావా లేదా అమ్మిరాజూ? మరి నిన్న మళ్ళీ ఎలా ఆగింది బాబూ? సిల్తారా ఫ్యాక్టరీల రోడ్డు నడిమధ్యన, వెనకాల ఇనుము లారీ! ఠక్కున సైకిలు ఆగిపోయిందట. లారీవాడు పక్కకి తిప్పి, "మర్‌నా హై క్యా?" చావాలనుందా అని అరిచి పోయాడట. వాడు తిప్పకపోతే నా మనవరాలు ఏదీ?

మొదట బ్రేకు తీగన్నావు, మార్చావు. తరవాత హ్యాండిల్ స్విచ్చన్నావు, అదీ మార్చావు. అయినా గుంతలో పడితే చాలు, ప్రాణం పోతుంది దానికి. ఏమిటో ఈ కరెంటు సైకిళ్ళు! ఇటుకంత బ్యాటరీ మనిషిని మోసుకుపోతుందంటే నాకిప్పటికీ వింతే నాయనా.

ఆఁ, నిన్న నువ్వు విప్పి తీసుకెళ్ళిన బ్యాటరీయేనా ఇది? ఏదీ, తిప్పు. అయ్యో, కింద ఆ రాగి పళ్ళ మధ్య పచ్చగా పెచ్చులు కట్టిందేమిటి? చిలుమా?

వాసన చూడమంటావా?

...పసుపు.

అలా చూడకు అమ్మిరాజూ. నేనే. శుక్రవారం గడపకి రాసినట్టే దానికీ రాస్తున్నాను. పొద్దున్నే ఛార్జింగు నుంచి తీసి, బోర్లించి, నీళ్ళలో కలిపిన పసుపుతో... బొట్టు కాదయ్యా, పేరు. నవ్య అని. అరవై దాటాక అదే నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. తప్పు లేకుండా నాకు రాయడమొచ్చిన మాట అదొక్కటే.

కరెంటు ఆ పళ్ళలోంచే వస్తుందని నువ్వే కదా చెప్పావు? అక్కడ పేరుంటే కాపాడుతుందనుకున్నాను. ఆగిన ప్రతిసారీ, ఇంకాస్త దట్టంగా రాశాను.

ఏమిటి? దీని బదులు నువ్విచ్చి వెళ్ళిన బ్యాటరీయా?

ఇవాళ శుక్రవారమే కదా నాయనా.

రాశాను. తడి ఆరనేలేదు, డ్యూటీకి టైమైపోతోందని బిగించుకుని వెళ్ళిపోయింది. నువ్వు రావడానికి కాస్త ముందే. ఈపాటికి కాలనీ దాటి పెద్ద రోడ్డెక్కే ఉంటుంది.

దానికేనా ఫోను? చెయ్యి, చెయ్యి. మోగుతోందా? మోగుతుంది. ఎత్తదు.

బండి మీదుండగా ఫోను ముట్టనని, నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను.