మేనత్త అడిగితే

(టోంగా. నుకుఅలోఫా ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు. శనివారం మధ్యాహ్నం. సెమిసీ అక్క కలోలైనే పొద్దున్నే ఎవువా దీవి నుంచి ఓడలో వచ్చింది. అక్క కూర్చున్న గదిలో తమ్ముడు కూర్చోవడం అక్కడ మర్యాద కాదు గనక, సెమిసీ పెరట్లోకి పోయి బాగానే ఉన్న కంచెను బాగుచేస్తున్నాడు. లోపల అతని పెళ్లాం లుసియానే, ఆడబిడ్డ కలోలైనే, వాళ్ల కూతురు రెండున్నరేళ్ల అలీసి.)

"ఆ పాత గౌన్లన్నీ ఎందుకు? దీనికి నేను కొత్తవి కుట్టించాను. రెండు పెట్టు చాలు, ఓడలో తడిపితే మార్చడానికి."

"మడతపెడుతున్నాను వదినా."

"నేనొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్క గౌనే మడతపెడుతున్నావు లుసియానే."

"అంచు ఊడింది. కుట్టి ఇద్దామని."

"మూడింటికి ఓడ. ఇప్పుడు సూది పట్టుకుంటావా?"

"పోనీ వచ్చే వారం వెళ్తే? దానికి జలుబు కూడా చేసింది."

"ఎక్కడ జలుబు? ముక్కు పొడిగా ఉంది. అలీసీ, ఇటు రా తల్లీ. మేనత్త నీకేం తెచ్చిందో చూడు."

"వద్దు. పో."

"నన్నే పొమ్మంటోందే."

"తప్పమ్మా, అత్తనలా అనకూడదు. కొత్త కదా వదినా, నాలుగు రోజులు మీరిక్కడే ఉంటే..."

"నాలుగు రోజులు అది నా ఇంట్లో ఉంటే కూడా అలవాటవుతుంది. ఎవరు నేర్పారు దీనికి, పో అనడం?"

"పక్కింటి లూపే పిల్లలు."

"ఐదుగురు మగవెధవలు. వాళ్ల మధ్యన పడేసి పనికి పోతున్నావా?"

"పడేసి కాదు వదినా. ఒక్క వారం నుంచే. అంతకు ముందు నాతోనే తీసుకెళ్లేదాన్ని."

"గెస్ట్‌హౌసుకా? గదులు తుడిచేదానివి, పిల్లనెలా చూస్తావు?"

"దుప్పట్ల బండి ఉంటుంది కదా, అందులో కూర్చోబెట్టేదాన్ని. గది గదికీ తోసుకుంటూ పోతూ దానికి మాటలు నేర్పేదాన్ని. తువ్వాళ్లతో రంగులు. తలుపులతో లెక్కలు. చాలా వచ్చు వదినా దానికి. చూస్తారా? అలీసీ, అత్తకి లెక్క చెప్పు. ఒకటి..."

"ఒకటి. లెండు. మూడు. ఐదు."

"నాలుగేదే?"

"నాలుగు లేదు."

"లేకపోవడమేమిటి?"

"నాలుగో గది కప్పు కారుతుందని ఎప్పుడూ తాళమే వదినా. ఆ తలుపు మేం తియ్యం. మూడు నుంచి ఐదుకి పోతాం. అందుకని దాని లెక్కలో నాలుగు లేదు."

"నవ్వొచ్చే పనే. సరేలే, మా దీవిలో నాలుగుంది, నేను నేర్పుకుంటాను."

"నేనూ నేర్పుతాను. నెమ్మదిగా నేర్పుతాను."

"ఎప్పుడు నేర్పుతావు? నువ్వెన్నింటికి లేస్తావు?"

"నాలుగింటికి."

"వచ్చేది?"

"దీపాలు పెట్టే వేళకి. అయినా కర్రపెండలం చెక్కు తీస్తూ కబుర్లు చెబుతాను. స్నానం చేయిస్తూ చెయ్యేది, కాలేది అని అడుగుతాను. పడుకునేముందు ప్రార్థన చెప్పిస్తాను. సగంలో..."

"సగంలో?"

"సగంలో నేనే నిద్రపోతాను."

"అది?"

"నా కళ్లు తెరుస్తుంది, రెండు వేళ్లతో. అమ్మా, ఆమెన్ అంటుంది."

"ఊఁ. ఆ బండి ఎందుకు మానేశావు?"

"ఊరికే. పెద్దదవుతోంది, బండిలో పట్టడం లేదు."

"మానేశావా, మాన్పించారా?"

"మాన్పించారు."

"ఏం జరిగింది?"

"తువ్వాళ్ల కింద నిద్రపోయింది వదినా. నేను నీళ్లగదిలో ఉన్నాను. గదిలో దిగినావిడ బయటికొచ్చి, తువ్వాలు కోసం చెయ్యి పెడితే కాలు తగిలింది. అంతే, కెవ్వుమంది. యజమాని పిలిచాడు. ఇక పిల్లని తేవద్దు, పిల్ల కావాలో ఉద్యోగం కావాలో ఈ వచ్చే సోమవారానికి తేల్చి చెప్పు అన్నాడు."

"ఆ రోజేగా నేను ఫోను చేసింది."

"ఆ రోజే."

"నాతో ఏమన్నావు?"

"ఏడుస్తున్నాను వదినా అప్పుడు."

"ఏడుస్తూ ఏమన్నావు? నీ నోటితో చెప్పు."

"మీ పిల్లేగా, వచ్చి తీసుకుపోండి అన్నాను."

"అన్నావు కదా?"

"మర్యాదకన్నాను."

"మర్యాదకా?"

"అందరూ అంటారు కదా వదినా. ఇంటికొచ్చినవాళ్లు చాప బాగుందంటే మీదే అంటాం. పంది బాగుందంటే తీసుకుపొమ్మంటాం. ఎవరు తోలుకుపోతారు?"

"ఎవరో వేరు, నేను వేరు. నేను దీని మేనత్తని. నేనడిగితే ఈ ఇంట్లో పుట్టినవాడు గానీ ఈ ఇంటికొచ్చినది గానీ కాదనకూడదు. అది తెలుసు గనకే ఇన్నాళ్లూ అడగలేదు. దీని పురుడప్పుడు వచ్చాను, పేరు పెట్టాను, ఎత్తుకుని ముద్దాడి నీ ఒళ్లో పెట్టి పోయాను. ఏనాడైనా అడిగానా?"

"అడగలేదు."

"అడగకుండానే ఇచ్చావు నువ్వు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పాను, నా తమ్ముడి కూతురు వస్తోందని. పాటలు పాడేవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాతో చాపలు నేసే ఆడవాళ్లు దీనికోసమని ఇంత చిన్న చాప నేశారు. ఇప్పుడు పోయి వాళ్లకేం చెప్పను? మా మరదలు మర్యాదకి అందట అని చెప్పనా?"

"ఆయన్నొక్కమాట అడగనివ్వండి."

"వాడేమంటాడు? నేనుండగా ఈ గుమ్మం తొక్కుతాడా? నా మొహం చూసి మాట్లాడతాడా? పాపం, వాడి పని వాడు చేసుకుంటున్నాడు."

"ఆ కంచె మొన్ననే కట్టాడు వదినా."

"మరి ఆ సుత్తి చప్పుడేమిటి?"

"ఏడుపు వినపడకుండా."

"ఎవరి ఏడుపు?"

"ఆయనదే."

"అమ్మా, నాన్న ఠక్ ఠక్."

"అవునమ్మా, ఠక్ ఠక్. ఇటు రా, నా ఒళ్లో కూర్చో."

"ఏడవకు లుసియానే. పిల్ల ముందు ఏడవకు. నేనేం దాన్ని అడివిలోకి తీసుకుపోతున్నానా? ఇల్లుంది, తోట ఉంది. మా ఆయన పోయాక ఆ ఇంట్లో చెంచా కింద పడ్డా నేనే పడేసుకోవాలి, నేనే తీసుకోవాలి. రోజంతా దానితోనే ఉంటాను. నీకది కుదురుతుందా?"

"కుదరదు."

"మంచి అన్నం పెడతాను."

"పెడతారు."

"మరి?"

"ఇవ్వలేను వదినా."

"ఏమన్నావు?"

"ఇవ్వలేను. మీతో ఈ మాట అనకూడదని తెలుసు. మా అమ్మ వింటే నన్ను ఇంట్లోకి రానివ్వదు. మేనత్త ఉసురు తగిలితే ఆడపిల్లకి రేపు కడుపు పండదంటారు, అదీ తెలుసు. వారం నుంచీ నిద్ర లేదు నాకు. తప్పు నాదే, నా నోరే జారింది. దణ్ణం పెడతాను, ఆ ఉసురేదో నాకు తగలనివ్వండి, దీనికొద్దు. నేను చెడ్డ తల్లినే వదినా. దుప్పట్ల బండిలో పెంచాను. అయినా ఇవ్వలేను."

"కూర్చో. ఎందుకు గోడ పట్టుకున్నావు?"

"కళ్లు తిరిగాయి కొంచెం. పని ఎక్కువైంది."

"కూర్చోమంటున్నానా. ఇదిగో, ఈ కొబ్బరినీళ్లు తాగు. నెమ్మదిగా. ఎన్నాళ్ల నుంచి?"

"ఎండకి. అంతే."

"అమ్మా, నీల్లు?"

"నీకూ ఇస్తానమ్మా. అత్తనడుగు."

"అత్తా, నీల్లు."

"దా. తాగు. ఒంటి మీద పోసుకోకు. చూడు, ఎలా పోసుకుందో. అచ్చం వాళ్ల నాన్నే."

"ఇటు రామ్మా, తుడుస్తాను."

"తవిటా అని ఒక పిల్లాడుండేవాడు నా దగ్గర. నీ పెళ్లికి ముందు సంగతి. మా పినతల్లి మనవడు. మూడేళ్లప్పుడు తెచ్చుకున్నాను. నీకు తెలీదు, ఎవరం చెప్పుకోం."

"ఏమయ్యాడు?"

"రోజూ సాయంత్రం ఓడరేవుకి పోయి నిలబడేవాడు. ఓడలోంచి దిగే ప్రతి ఆడదాని మొహం చూసేవాడు. పిలిస్తే వచ్చేవాడు, పెడితే తినేవాడు, ఏడ్చేవాడు కాదు. అదే నేను భరించలేకపోయాను. ఎనిమిది నెలలు చూసి, నేనే తీసుకొచ్చి వాళ్లమ్మకి ఒప్పజెప్పాను. తల్లి మొహం ఎరిగిన పిల్లని తెచ్చుకోకూడదని ఆనాడే అనుకున్నాను. నీ ఫోను వచ్చేసరికి ఆశ పుట్టి మర్చిపోయాను."

"వదినా..."

"ఆ గౌను ఇటివ్వు. ఇంకా ఎంతసేపు మడతపెడతావు? పెట్టెలో పెట్టెయ్. దీని పెట్టెలోనే, నా సంచిలో కాదు."

"వదినా, నిజంగానా?"

"చర్చిలో నేను చెప్పుకుంటాలే. పిల్ల రాలేదు, తర్వాత వస్తుందని చెబుతాను. సోమవారం పోయి ఆ యజమానితో ఉద్యోగమే కావాలని చెప్పు. ఆ లూపేకి నేను చెప్పి పోతాను, పిల్లల నోళ్లు అదుపులో పెట్టమని. నా మాటంటే భయం దానికి."

"మీ కాళ్లకి..."

"లే, లే. పిల్ల చూస్తోంది."

"మీరెంత గొప్పవాళ్లో నాకు తెలీలేదు. ఈ వారమంతా మిమ్మల్ని మనసులో ఎన్ని మాటలన్నానో. క్షమించండి వదినా. చచ్చేదాకా మీ మేలు మర్చిపోను. ఇంకెప్పుడూ మీ మాటకి అడ్డు చెప్పను. ఇది తప్ప ఏదడగండి, ఇస్తాను."

"ఏదైనానా?"

"ఏదైనా."

"మర్యాదకి అంటున్నావా?"

"అయ్యో, కాదు వదినా. దేవుడి సాక్షిగా అంటున్నాను. నిజంగానే."

"అలీసీ, నాన్నకి వినపడేలా చెప్పు, అత్త వెళ్తోంది అని. ఇంక సుత్తి ఆపి తినడానికి రమ్మను."

"నాన్నా, అత్త పో."

"ఇదొకటి. నా గొడుగేది?"

"తలుపు వెనకుంది, నేనిస్తాను. ఉట్టి చేతులతో పంపుతున్నాను మిమ్మల్ని. ఏమన్నా తీసుకెళ్లండి వదినా, నా తృప్తి కోసం."

"ఇప్పుడేం వద్దులే. మూడో నెల కదా నీకు? నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. అది కళ్లు తెరిచి నీ మొహం చూడకముందే కబురు పెట్టు, వచ్చి తీసుకుపోతాను."