లంగాకి టక్కులు

ఆరేళ్ల మనవరాలిని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక, అమెరికాలో హెర్న్‌డన్‌లోని కూతురింట్లో అమ్మమ్మ సోఫాలో కూర్చుని, ఆ పిల్ల పట్టులంగాకి టక్కులు వేస్తోంది.

“ఎన్ని టక్కులేస్తావమ్మా?”

“ఎదిగే పిల్ల కదే. ఏడాదికొకటి విప్పుకుంటూపోతే పెళ్లీడుదాకా వస్తుంది.”

“డాక్టర్ చెప్పింది నీకు అర్థం కాలేదా? ఇన్‌ఫెక్షన్ మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటునే తినేసింది. ఎడమకాలు ఇక సరిగా పెరగదు.”

“కుడికాలు పెరుగుతుందిగా?”

“అదొక్కటే పెరిగితే కుంటుతుంది. అందుకే కొన్నేళ్లాగి సర్జరీ చేసి దాన్నీ పెరగకుండా ఆపేస్తారట.”

“బాగున్న కాలినీ ఆపేస్తారా! అదేం వైద్యమే?”

“రెండూ సమానంగా ఉండాలంటే అంతేనట అమ్మా.”

ఇక అంత పొడవు అక్కర్లేదని, మిగులు గుడ్డ కత్తిరించడానికి ఆమె ఒక్కో టక్కూ విప్పసాగింది. చివరిదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

“ఇదొక్కటీ ఉంచనా తల్లీ?”