గేటు దగ్గర నిలబడి చెప్పిన భానుమూర్తి గారు

వంశధారకు పెద్ద వరద వచ్చి పోయిన మూడో ఏడు, ఆషాఢ మాసంలో ఒక సోమవారం నాడు, శ్రీ భానుమూర్తి గారు పలాసలోని మన జీడిపప్పు కర్మాగారంలో గుమస్తాగా చేరారు. అప్పటికి వారి వయసు పద్దెనిమిది. కోటబొమ్మాళి నుంచి పాసింజరు బండిలో వచ్చి, చేతిలో టిఫిను క్యారియరుతో నిలబడి, బాయిలరు దగ్గర పనిచేసే నన్ను "ఆఫీసు ఎటండీ?" అని అడిగారు. నన్ను అండీ అన్న మొదటి మనిషి ఆయనే.

నా పేరు నూకయ్య. ఇప్పుడు గేటు కాపలా చూస్తున్నాను. మూడో తరగతి దాటలేదు. మాట కూడా తక్కువే. వారి పదవీ విరమణ సంచికకు నాలుగు ముక్కలు రాయమని ఆఫీసులో లావణ్యమ్మ అడిగితే ముందు కాదన్నాను. మూడు రోజులు ఆలోచించి, రాస్తానన్నాను. అక్షరాలు ఆమె దిద్దారు. మాటలు నావి.

మొదటి ఇరవై ఏళ్లు భానుమూర్తి గారు హాజరు పట్టీలు, సరుకు చీటీలు, ఆఫీసు ఉత్తర్వులు రాశారు. వారి చేతిరాత అచ్చు వేసినట్టుండేది. యజమాని శ్రీ సోమేశ్వరరావు గారి నిర్ణయం ఏదైనా వారి కలం మీదుగా కాగితమై గోడకెక్కేది. చదవగలిగినవాళ్లు చదివేవాళ్లు. మిగిలినవాళ్లం చదివినట్టు తల ఊపేవాళ్లం.

ఇరవయ్యో ఏట, రాబోయే మేనేజరు భానుమూర్తి గారేనని యజమాని అందరి ముందూ అన్న నెలలోనే ఆ ప్రమాదం జరిగింది. జీడిపిక్కలను ఆవిరితో ఉడికించే కుక్కర్లు మనకు రెండు. రెండోదాని మూత రబ్బరు చిరిగిపోవడంతో, అది మార్చేవరకు దానికి ఆవిరి వదలరాదని భానుమూర్తి గారు రాసి బాయిలరు గది తలుపుకు అంటించారు. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆగారు.

"చదివావా, నూకయ్యా?"

నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివితే నవ్వుతారని సిగ్గేసింది.

"సదివాను బాబూ," అన్నాను.

తెల్లారి రెండో కుక్కరుకు ఆవిరి వదిలాను. మూత పక్కనుంచి చిమ్మింది. అక్కడ పిక్కలు ఎత్తుతున్నది నా భార్య, పేరు పెద్దతల్లి. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది.

యజమాని నన్నూ భానుమూర్తి గారినీ పిలిచారు. "తెలిసి తెలిసి ఎలా వదిలావురా?" అని నన్ను అడిగారు.

"నాకెవులూ సెప్పలేదు బాబూ," అన్నాను.

భానుమూర్తి గారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను నేల చూశాను.

"నిజమేనండీ," అన్నారు ఆయన. "కాగితం అంటించి, చెప్పేశాననుకున్నాను. తప్పు నాది."

మేనేజరు పదవికి విశాఖపట్నం నుంచి మరొకరు వచ్చారు. భానుమూర్తి గారు ఇంకో పదకొండేళ్లు ఆ గుమస్తా కుర్చీలోనే కూర్చున్నాక గానీ మేనేజరు కాలేదు.

ఆ వారం నుంచే, రోజూ సైరనుకు ముందు, వారు గేటు దగ్గర నిలబడి ఆనాటి సంగతులు నోటితో చెప్పడం మొదలుపెట్టారు. ఏ యంత్రం ఆగింది, ఎవరు ఏ షెడ్డుకు వెళ్లాలి, ఆఫీసు ఏమనుకుంటోంది, అన్నీ చెప్పి, ఎవరో ఒకరిని పిలిచి "ఏం విన్నావో చెప్పు" అనేవారు. తర్వాత మా మాట అడిగి, మేము అన్నది అన్నట్టే లోపలికి మోసుకెళ్లేవారు. పిక్కలు కొట్టే చిన్నతల్లి అనే ఆమె ఒకసారి అంది: "బాబూ, మీరు పొద్దున్నే సెప్పినన్ని మాటలు నా మొగుడు ఏడాదికి కూడా ఆడడు." వెంటనే ఆయన, "రేపు అతన్నీ తీసుకురా అమ్మా, అప్పజెప్పిస్తాను," అన్నారు. అందరం నవ్వాం. ఆఫీసులో తీసుకున్న నిర్ణయం పనివాడి చెవికి చేరేవరకు అది నిర్ణయమే కాదని, పనివాడి కష్టం ఆఫీసుకు తెలిసేవరకు అది తీరదని వారు నమ్మారు. నమ్మినదాన్ని, మేనేజరైన తర్వాత కూడా, మొత్తం ఇరవై రెండేళ్లు ఎండలోనూ వానలోనూ నిలబడి ఆచరించారు. తెలియక జరిగిన ప్రమాదం ఆ తర్వాత ఒక్కటి లేదు.

పెద్దతల్లి వేళ్లు మళ్లీ వంగలేదు. పనిలోకి రాలేదు. ఏటా దసరాకు భానుమూర్తి గారు మా ఇంటికి వచ్చి ఆమెను పలకరించబోయేవారు. "కాయితాల బాబు ఒచ్చాడా? కుర్సీ ఎయ్యండి. ఇంకో కాయితం అంటించి ఎల్తాడు," అనేది లోపలినుంచి, వినబడేలాగే. ఆయన మంచినీళ్లు తాగి లేచేవారు. నేను పక్కనే ఉండి ఊరుకునేవాణ్ణి. పోయిన కార్తీకంలో ఆమె అదే కోపంతో పోయింది.

మొన్న ఆదివారం వారింటికి వెళ్లాను. "ఆ రోజు మీరు అడిగారు, నేను సదివానన్నాను. యజమాని దగ్గర అబద్ధమాడాను. అది పుస్తకంలో రాత్తాను బాబూ," అన్నాను.

"నాకు తెలియనిదా, నూకయ్యా? పెద్దతల్లికి చెప్పాల్సింది," అన్నారు.

వారి ధర్మపత్ని శ్రీమతి మంగతాయారు గారు గుమ్మంలోనే నిలబడి, "మీ ఇంటికెళ్లొచ్చిన పండగపూట ఈయన అన్నం ముట్టేవారు కాదు," అని లోపలికి వెళ్లిపోయారు.

కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న మన ఉద్దానంలో ఆరోగ్యంగా ఉండు అనడం ఎంత పెద్ద దీవెనో మనందరికీ తెలుసు. అదే ఆ దంపతులిద్దరికీ ఉండాలని, ఇంకా చాలా దసరాలు వారు ఇంట్లో కడుపునిండా భోంచేయాలని, ఏ నిందా లేకుండా నిండునూరేళ్లు బతకాలని, వారికంటే పెద్దవాణ్ణి గనక దీవిస్తున్నాను, అపరాధిని గనక చేతులు జోడిస్తున్నాను.

మనలో సగంమంది ఈ సంచిక చదవలేరు. అందుకని వారింటికి వెళ్లొచ్చిన మర్నాడు, సోమవారం సైరనుకు ముందే, పెద్దతల్లితో కలిసి పనిచేసిన ఆడవాళ్లను లోపలికి పోబోతుంటే ఆపాను. జరిగింది జరిగినట్టు నోటితో చెప్పాను. అందరూ వెళ్లాక గేటు మూశాను.